ప్రశ్నలు చివర్లో

గుంపు చివర నిలబడిన పెద్దాయన మళ్ళీ చెయ్యెత్తాడు.

"ప్రశ్నలు చివర్లో," అంది గైడు, ఎటూ చూడకుండానే.

ఆయన చెయ్యి దించేశాడు.

రేవు పక్క పాత వీధుల్ని రోజూ పొద్దున్నే జనానికి తిప్పి చూపించడం ఆమె ఉద్యోగం. సుంకాల కచేరీ, దాని వెనక మసీదు, మలుపులో చర్చి, ఆ పక్కనే నీలిమందు వర్తకుల ప్రార్థనా మందిరం, ఆఖర్న నూట నలభై మెట్ల దీపస్తంభం. మధ్యలో ఒక్కరు నోరు తెరిచారంటే పదిమంది అందుకుంటారు. దీపస్తంభం చేరేసరికి ఎండ మాడు పగలగొడుతుంది. అందుకే ప్రశ్నలన్నీ పైకెక్కాకే. పదకొండేళ్ళుగా అదే పద్ధతి.

మందిరం ముందు ఆమె చెప్పే మాటలూ పదకొండేళ్ళవే.

"మూడొందల ఏళ్ళ కిందట నీలిమందు మూటలతో ఇక్కడ ఓడ దిగారు వీళ్ళు. వ్యాపారం పడిపోయాక ఒక్కో కుటుంబమే ఓడెక్కి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఊళ్ళో ఒక్కరూ లేరు."

పెద్దాయన ఓ రోజు వచ్చి గుంపులో కలిశాడు. అప్పట్నించి మానలేదు. చూసిందే చూస్తాడు, విన్నదే వింటాడు. మందిరం దగ్గర చెయ్యెత్తుతాడు. అందరూ దీపస్తంభం వైపు కదిలాక, మోకాళ్ళు పట్టుకుని చర్చి అరుగు మీద కూలబడతాడు. గైడు ఆయనకు తోక అని పేరు పెట్టుకుంది.

"ఇవాళ తోక వచ్చిందా?" అనేవాడు భర్త, ఆమె చెప్పులు విప్పకముందే.

"రాకేం. చెయ్యి కూడా ఎత్తింది."

"ఏమడుగుతాడో ఓసారి వినరాదూ?"

"అడగడానికేముంది? పోటీ గైడై ఉంటాడు. నా మాటలు బట్టీ కొడుతున్నాడు."

ఆ నెల ఆమెకు నవ్వే ఓపిక కూడా లేదు. మందిరం పడగొట్టి లారీలకు దారి వేస్తామని రేవు ఆఫీసు నోటీసు అంటించింది. వద్దనే హక్కు ఆ వర్తకుల వంశం వాళ్ళకే ఉందట. ముప్ఫై రోజులు గడువు.

"ఒక్క సంతకం చాలు మేడమ్," అన్నాడు గుమాస్తా. "ఆ వంశంలో ఒక్క మనిషిని పట్టుకురండి. పని ఆపేస్తాం."

ఆమె కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరిగింది. చరిత్ర మేష్టర్లకు ఉత్తరాలు రాసింది. నాలుగు రేవులకు ఫోన్లు చేసింది. దీపస్తంభం పైన నిలబడి, కింద మందిరం కప్పు చూపించి, వచ్చినవాళ్ళందర్నీ బతిమాలింది.

"ఆ వంశం వాళ్ళు మీకెవరైనా తెలిస్తే చెప్పండి. ఎక్కడున్నా వెళ్ళి తెచ్చుకుంటాను."

పైనుంచి చూస్తే ఎవరి మనసైనా కరుగుతుందని, ఆ మాట అక్కడికే అట్టిపెట్టుకునేది.

ముప్ఫయ్యో రోజు పెద్దాయన చెయ్యెత్తడంతో ఆగలేదు. జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చాడు.

"అమ్మా, ఒక్కమాట."

"ప్రశ్నలు చివర్లో అని ఎన్నిసార్లు చెప్పాలి పెద్దాయనా?"

"ఆ మెట్లు ఎక్కలేనమ్మా."

"ఎక్కలేనప్పుడు రాకండి. రేపట్నించి నా పనికి అడ్డం పడకండి."

పదిహేనుమంది చూస్తున్నారు. పెద్దాయన తలూపాడు.

"సరేనమ్మా."

మర్నాడు రాలేదు. తోక తెగిందన్నాడు భర్త.

నాలుగో రోజు యంత్రాలొచ్చి, మధ్యాహ్నానికల్లా మందిరాన్ని నేలమట్టం చేశాయి. ఆమెకు ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది. ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుంది.

తెల్లారి గుంపును ఆ ఖాళీ జాగా ముందు నిలబెట్టి, అవే మాటలు పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఊళ్ళో ఒక్కరూ లేరు అన్నప్పుడు గొంతు కూడా మారలేదు.

అప్పుడు కనిపించింది. జాగా వెనక, ఆ వర్తకుల సమాధుల తోట గేటు తెరిచి ఉంది. ఆమె ఎరిగి ఆ గేటు ఎప్పుడూ తెరవలేదు. చర్చిలో సమాధులు తవ్వే మనిషి లోపల పార కడుక్కుంటున్నాడు. పక్కన కొత్త మట్టి.

గుంపును ఆగమని చెప్పి వెళ్ళింది.

"ఎవరిది?"

"నీలిమందు వాళ్ళ మనిషిదమ్మా. నిన్న సాయంత్రం పోయాడు. చిన్నప్పుడు ఓడెక్కినవాడు, పోయేలోగా పుట్టిన ఊరు చూసుకుందామని వచ్చాడు."

ఆమె ఆ మట్టి దగ్గరికి నడిచింది.

"ఊరంతా వెతికాను. ఎక్కడున్నాడు ఇన్నాళ్ళూ?"

సమాధులు తవ్వే మనిషి ఆమెను వింతగా చూశాడు.

"నెలరోజులూ మీ గుంపు చివరే ఉన్నాడు కదమ్మా, మీకు చెప్పే ఉంటాడనుకున్నాను."