చేతి రంగు

స్టూడియోలో అందరూ వెళ్లిపోయాక నా ల్యాప్‌టాప్‌కి పెద్ద మానిటర్ తగిలించాను. యూఎస్‌బీ అడాప్టర్ గుచ్చగానే వేళ్ల దగ్గర చిటుక్కుమని షాక్ కొట్టింది. పట్టించుకోలేదు. తెల్లారేసరికి నలభైమంది బడిపిల్లల గ్రూప్ ఫొటో ప్రింటుకి వెళ్లాలి.

ముఖాల రంగు సరిచూడ్డానికి స్క్రీన్ పక్కన నా చెయ్యి పెట్టి పోల్చుకుంటాను. ఇరవై ఏళ్లుగా అదే నా కొలత. ఇవాళ చెయ్యి పక్కన పిల్లలంతా టమాటాల్లా ఎర్రగా ఉన్నారు. ఎరుపు తగ్గించాను. ఇంకా ఎరుపే. కేబుల్ మార్చాను, మానిటర్ సెట్టింగులు మార్చాను. తల ప్రాణం తోకకొచ్చింది. పైన ఫ్యాను తిరుగుతోంది గానీ చప్పుడూ లేదు, గాలీ తగలడం లేదు.

కంప్యూటర్లు బాగుచేసే మా మరిదికి ఫోన్ చేశాను.

"నువ్విచ్చిన ఈ దిక్కుమాలిన అడాప్టర్ రంగులన్నీ పాడుచేస్తోంది!"

"తిట్టకు వదినా. ఇంత రాత్రి ఒక్కదానివే ఉన్నావా అక్కడ?"

"ఒక్కదాన్నే. పని చెప్పు."

"నువ్వు ముట్టుకోని అసలు ఫొటో తెరువు. పక్కన ఎప్పట్లాగే చెయ్యి పెట్టి, ఫోన్‌తో తీసి పంపు."

పంపాను.

"చూశావా? అడాప్టరేనా?"

"అడాప్టర్ బాగానే ఉంది వదినా. పిల్లల రంగు కూడా సరిగ్గానే ఉంది." గొంతు తగ్గించాడు. "ఒక్కదాన్నే అన్నావుగా. మరి స్క్రీన్ పక్కన ఆ నీలం చెయ్యి ఎవరిది?"