కొత్త కోడలు గ్రూపు విడిచి వెళ్లింది

"వచ్చేసింది! వచ్చేసింది!"

పొయ్యి మీద పాలు వదిలేసి పిచ్చుక వంటింట్లోంచి గెంతుకుంటూ వచ్చింది. పిచ్చుక అన్నది భర్త పెట్టిన ముద్దుపేరు. పెళ్లి ఫోటోల ఆల్బమ్ ఇంకా చేతికి రాలేదు కానీ, ఆ పేరు మాత్రం అప్పుడే ఇద్దరికీ అలవాటైపోయింది.

"ఏం వచ్చింది? బూట్లైనా విప్పుకోనీ తల్లీ."

"ఉద్యోగం! నీళ్లు పరీక్షించే ల్యాబులో. సోమవారం నుంచి రమ్మన్నారు. మెడలో వేసుకునే కార్డు కూడా ఇస్తారట, నా ఫోటోతో!"

అతను మెయిల్ పూర్తిగా చదివేలోపే ఫోన్ లాగేసుకుంది. "ఆగు, ముందు మా వేటగాళ్లకి చెప్పాలి."

వేటగాళ్లంటే 'ఉద్యోగ వేట' గ్రూపులో ఉన్నవాళ్లు. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఈ ల్యాబులో ఖాళీ ఉందని చెప్పింది కూడా అందులోని ఎవరో అక్కే. అక్కడొక ఆనవాయితీ ఉంది. ఉద్యోగం దొరికినవాళ్లు మిగతావాళ్లను కాస్త ఉడికించి, నాలుగు మంచి మాటలు చెప్పి, గ్రూపులోంచి వెళ్లిపోవాలి. ఇన్నాళ్లూ అందరి వీడ్కోళ్లూ చదివి కుళ్లుకున్న పిచ్చుక తన వీడ్కోలు ఎప్పుడో మనసులో రాసిపెట్టుకుంది. గెంతుతూనే టైపు చేసింది. గెంతుతూనే పంపింది. గెంతుతూనే గ్రూపులోంచి బయటికి వచ్చేసింది.

అంతలో పాలు పొంగాయి. ఇద్దరూ పరుగెత్తారు. నవ్వుకుంటూ పొయ్యి తుడుస్తుంటే అతని ఫోన్ టింగుమంది. మళ్లీ టింగుమంది. ఇక ఆగలేదు.

చేయి తుడుచుకుని చూసిన అతని ముఖంలో నవ్వు మెల్లగా జారిపోయింది.

"పిచ్చుకా, నువ్వు ఏ గ్రూపులో పెట్టావు?"

"వేటలో."

"కాదే. 'మనవాళ్లంతా'లో పెట్టావు."

ఆమె చేతిలోంచి గుడ్డ కింద పడింది. 'మనవాళ్లంతా' అంటే అతని వైపు బంధువులు మొత్తం ఉన్న గ్రూపు. ఆమె ఫోన్‌లో అది వేటకి సరిగ్గా పైన ఉంటుంది. అతను తన ఫోన్ ఇటు తిప్పి చూపించాడు.

'హమ్మయ్య, విడుదల! ఇక మీ మధ్య ఒక్క రోజు కూడా ఉండక్కర్లేదు. మీరు కూడా త్వరగా ఇక్కడి నుంచి బయటపడాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.'

దాని కింద చిన్న అక్షరాల్లో, ఆమె గ్రూపు విడిచి వెళ్లిన సంగతి.

"చెరిపేయండి! తొందరగా చెరిపేయండి!" భయం వేస్తే ఆమె నోట్లో భర్త 'మీరు' అయిపోతాడు.

"నువ్వు పెట్టింది నేనెలా చెరుపుతాను? నువ్వే చెరపాలి. నువ్వేమో బయటికొచ్చేశావు."

"అయితే పొరపాటున పడిందని రాయండి. ఉద్యోగం సంగతి కూడా రాయండి."

రాశాడు. జవాబులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆమె కళ్లు మూసుకుంది. "చదవండి. ఏదైనా సరే, చదవండి."

"పెదనాన్న అంటున్నారు, పొరపాటున ఒక మాట జారుతుంది గానీ మూడు వాక్యాలు జారతాయా అని."

"అయ్యో!"

"మేనత్త అంటోంది, రోజూ పొద్దున తను పెట్టే పూల బొమ్మలకి నువ్వు పలకనప్పుడే ఆవిడకి అర్థమైపోయిందట."

"పలికాను! మొదటి వారమంతా దండాలు పెట్టాను కదా!"

"బాబాయ్ మాత్రం అభినందనలు చెప్పాడు. కింద మోకాళ్ల నొప్పికి చిట్కా పెట్టాడు."

"నాకా?"

"ఆయన ఎవరికైనా అదే పెడతాడు."

ఆమె ఒక కన్ను తెరిచింది. "మరి అత్తయ్య?"

అతను గ్రూపు ఇంకోసారి పైకీ కిందికీ జరిపి చూశాడు. "చదివింది. ఏమీ అనలేదు."

పిచ్చుకకి అసలు భయం అదే. మిగతావాళ్లు ఏమన్నా సర్దుకుంటుంది. కానీ అత్తగారు మాటల మనిషి కాదు. పెళ్లయిన మర్నాడు ఆ గ్రూపులో ఆమెను చేర్పించింది అత్తగారే. "ఇక నాకు తోడు దొరికింది" అంటూ దగ్గరుండి చేర్పించింది. ఆ ఒక్క మాట పిచ్చుక పుట్టింటికి ఫోన్ చేసి మరీ చెప్పుకుంది.

అదే ఊళ్లో వేరే ఇంట్లో ఉండే అమ్మకి అతను ఫోన్ చేశాడు. అవతల కట్ చేసింది.

పిచ్చుక కిటికీ దాకా వెళ్లింది. వెనక్కి వచ్చింది. ఫ్రిజ్ తెరిచి, ఎందుకు తెరిచిందో తెలియక మూసేసింది. మంచం మీద కూర్చుని, ముల్లు గుచ్చుకున్నట్టు లేచింది.

"అమ్మ టైపు చేస్తోంది," అన్నాడు అతను.

"ఏమని?"

"ఆపేసింది."

"మళ్లీ చూడండి."

"మళ్లీ చేస్తోంది... మళ్లీ ఆపేసింది. నువ్వు కాసేపు నిలబడవే, నాకు కళ్లు తిరుగుతున్నాయి."

ఈసారి టింగుమన్నది ఆమె ఫోన్. అత్తగారి నుంచి, ఆమె ఒక్కదానికే, ఆడియో. నొక్కడానికి పిచ్చుకకి వేలు రాలేదు. అతనే నొక్కాడు. వెనక ఎక్కడో టీవీ మోగుతోంది. అత్తగారి గొంతు చాలా చిన్నగా ఉంది.

"అమ్మాయ్, ఉద్యోగం వచ్చిందటగా, సంతోషం. నువ్వు రాసింది చదివాను. రెండుసార్లు చదివాను."

పిచ్చుక భర్త చొక్కా అంచు గట్టిగా పట్టుకుంది.

"రేపు పొద్దున ఒకసారి ఇంటికి రా. మావయ్యగారు నడకకి వెళ్లాక రా. వాణ్ణి తీసుకురాకు. నువ్వొక్కదానివే రా, నీతో పనుంది."

ఆడియో అయిపోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మీ అమ్మ నన్ను పుట్టింటికి పంపించేస్తుందా?" అని ఆమె అడిగేలోపే ఇంకొకటి వచ్చింది. ఈసారి గొంతు మరీ గుసగుసలా ఉంది.

"ఆ గ్రూపులోంచి బయటపడే దారి ఎక్కడుందో కాస్త నాకు కూడా చూపించి వెళ్లు తల్లీ. ఎన్నేళ్ల నుంచో వెతుకుతున్నాను, దొరకట్లేదు."