వీధిపోటు ఇల్లు

“ఈ ఇల్లు ఆడోళ్లకి అచ్చిరాదు,” అన్నాడు సిద్ధాంతి, ఆగ్నేయం మూల బావి మీద కప్పిన బండను కాలితో తట్టి.

ఆ మాట పూర్తయ్యేసరికే ఓబయ్య గేటు బయట ఉన్నాడు. “పదండి సామీ. ఇది వద్దు.”

బ్రోకరు సురేంద్రబాబుకు ఒళ్లు మండింది. “లోపలికన్నా రా పెద్దాయనా! మట్టి పోసి పూడిస్తే బావి యాడుంటాది? సామీ, మీరు నోరు తెరిచినప్పుడల్లా నా కమీషను పోతా ఉండాది.”

“అబద్ధాలు చెప్పేదానికి నువ్వుండావు గదరా. నేనెందుకు?” అన్నాడు సిద్ధాంతి.

ఓబయ్యది సీతారామపురం పక్క పల్లె. ముప్పై ఏళ్లు మేపిన గొర్రెల మందను మొన్న ఒక్క పూటలో లారీ ఎక్కించేశాడు. కూతురు రజిని కోసం. అల్లుడు ఆమె చెయ్యి విరగ్గొట్టడం ఇది మూడోసారి. మొదటిసారి పెద్దమనుషులు సర్దుకోమన్నారు. రెండోసారి స్టేషన్లో రాజీ కాగితం రాయించారు. మూడోసారి ఎవరూ ఏమీ అనలేదు. అలవాటు పడిపోయారు. విరిగింది వాళ్ల చెయ్యి కాదు కదా! పుట్టింటికి తెచ్చుకుంటే, ఆమె కట్టు కట్టిన చెయ్యి పట్టుకునే ఈడ్చుకుపోయాడు అల్లుడు. మనవరాలి బడి ఆత్మకూరులో, ఈ పేటలోనే. అందుకని ఇల్లు కూడా ఇక్కడే కావాలన్నాడు ఓబయ్య.

రెండో ఇల్లు తూర్పు ముఖం. ఎంత వెతికినా సిద్ధాంతికి వంక దొరకలేదు. “దివ్యంగా ఉండాది. ఇంటి మగోడికి నిండు నూరేళ్లు.”

ఓబయ్య ముఖం వాడిపోయింది. “ఇంకోటి చూపించబ్బయ్యా.”

“దీనికేమొచ్చింది?”

“గాలి ఆడదు.”

కిటికీ తెర ఎగిరొచ్చి సురేంద్రబాబు మొహానికి కొట్టుకుంది. “అవును, ఉక్కపోస్తా ఉండాది,” అన్నాడు అతను పళ్లు కొరుకుతూ.

మూడో ఇల్లు ఆరేళ్లుగా తాళం వేసి ఉంది. ఎదుటి వీధి సూటిగా వచ్చి పడమటి నైరుతి మూలకు తగులుతోంది. సిద్ధాంతి గడప తొక్కలేదు.

“వీధిపోటు. ముగ్గురు యజమానులు పోయినారీ ఇంట్లో.”

“ఒకాయన మోటారుసైకిలు మీంచి పడినాడు, ఒకాయన తాగి పోయినాడు, ఇంకొకాయనకు కరెంటు కొట్టింది. ఇల్లేం చేస్తాది సామీ?” అన్నాడు సురేంద్రబాబు.

“వాళ్ల ఆడోళ్లు?” అడిగాడు ఓబయ్య.

“నిక్షేపంగా ఉండారు.”

“పిల్లకాయలు?”

“వాళ్లకీ ఏం కాదు. ఈ దోషం యజమానికే,” అన్నాడు సిద్ధాంతి. “దస్తావేజులో ఎవడి పేరుంటే వాడికి. ఏడాది తిరగదు.”

ఓబయ్య పెచ్చులూడిన గోడను అరచేత్తో నిమిరాడు, ఈనిన గొర్రె వీపు నిమిరినట్టు.

“ఇదే తీసుకుంటా.”

“మతి పోయిందా ఓబయ్యా?” సిద్ధాంతి అతని భుజం పట్టి ఊపాడు. “నీకు చావాలనుంటే సోమశిల డ్యామ్ ఉండాది. దుడ్లు పోసి కొనుక్కోవాల్నా? నువ్వు పోతే ఆ బిడ్డకి దిక్కెవరు?”

“నేను తట్టని తలుపు లేదు సామీ,” అన్నాడు ఓబయ్య. “ఇదొక్కటే మిగిలింది.”

సిద్ధాంతి దక్షిణ కూడా పుచ్చుకోకుండా, పంచె చెంగుతో కళ్లొత్తుకుంటూ ఎండలో బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

ముసలాయన మనసు ఎక్కడ మారుతుందోనని సురేంద్రబాబు స్కూటర్ సీటు మీదే అగ్రిమెంటు కాగితం పరిచాడు. పెన్ను విదిలించి, “నీ పూర్తి పేరు చెప్పు పెద్దాయనా,” అన్నాడు.

“మా అల్లుడి పేరు రాయబ్బయ్యా.”