పది నలభై

సోమవారం ఉదయం పది నలభైకి లిఫ్టు మెకానిక్ ఫోను మోగింది. అతను ఎనిమిదో అంతస్తు పైన మోటారు గదిలో బ్రేకు బిగిస్తున్నాడు. స్పానరు కింద పెట్టి ఫోనెత్తాడు.

"అన్నా, సిగరెట్ మీదికి లాగేస్తోంది," అన్నాడు అవతల దర్జీ.

"ఎక్కడున్నావ్?"

"కొట్లోనే. మిషను ముందు."

"లిఫ్టు మధ్యలో ఆగిపోయిందనుకో. తలుపు తన్నితే తెరుచుకుంటుందా? గాలి ఆడుతుంది, భయం లేదు. నాలుగు నిమిషాల్లో అదే కదులుతుంది. నేను లైన్లోనే ఉన్నా."

నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నారు. దర్జీ తేరుకున్నాడు. మెకానిక్ మళ్ళీ స్పానరు అందుకున్నాడు.

రెండు నెలల కిందట డాక్టరు మెకానిక్ ఎక్స్‌రే చూసి, "ఇంకో ఏడాది ఇలాగే కాలిస్తే మోటారు గది దాకా మెట్లెక్కలేవు. వేరే పని చూసుకోవాలి," అన్నాడు. ఏ వేళకు సిగరెట్ వెలిగిస్తున్నాడో రాసి తెమ్మని గళ్ళ కాగితం ఇచ్చాడు. ఇంటికి రాగానే మెకానిక్ దాన్ని ఉండ చుట్టి మూలకు విసిరాడు.

"నాకో టైమంటూ ఉంటే కదా రాయడానికి."

కొట్టు నుంచి కూలికి తెచ్చిన చొక్కాలకు కాజాలు కుడుతున్న భార్య తలెత్తలేదు. "గడియారం తప్పినా మీరు తప్పరు," అంది. "ఊళ్ళో వాళ్ళకి సాయమంటే ముందుంటారు. మీ ఒంటికి మాత్రం చేసుకోరు."

మూడో రోజు పది నలభైకి దర్జీ మొదటిసారి ఫోను చేశాడు. మెకానిక్ అప్పుడే సిగరెట్ పెదాల మధ్య పెట్టుకున్నాడు.

"డాక్టరు దగ్గర మీ నెంబరు దొరికిందన్నా. మానేసేవాళ్ళ జాబితాలో ఉంది. నన్ను కూడా గట్టెక్కించాలి."

అవతల మనిషి అంతలా అడుగుతుంటే ఇవతల పొగ వదలడం బాగుండదు. మెకానిక్ సిగరెట్ తీసి జేబులో వేసుకున్నాడు.

అప్పటినుంచి రోజుకు నాలుగు ఫోన్లు.

"ఇంతకీ నువ్వు కాల్చే సిగరెట్ ఏది?" అని ఒకసారి మెకానిక్ అడిగాడు.

"తెల్లదన్నా."

"అన్నీ తెల్లవేరా నాయనా." మెకానిక్ పడీపడీ నవ్వాడు. "చూడు తమ్ముడూ, నీకు కావలసింది పొగ కాదు. పని ఆపడానికి ఒక వంక. చేతికి వేరే వంక చూపించు, ఊరుకుంటుంది."

"మరి గొంతులో లాగుతుందా అన్నా, చేతిలోనా?"

"నన్నడుగుతావేంటి? లాగేది నీకు కదా."

ఇంటికొచ్చి భార్యతో, "నేను లేకపోతే వాడేమైపోయేవాడో," అనేవాడు. ఎనిమిది అంతస్తులు ఆగకుండా ఎక్కుతున్న సంగతి కూడా చెప్పేవాడు.

"వదిలేయకండి, పాపం," అనేది భార్య, దారం కొరుకుతూ.

మంగళవారం ఒక దుకాణాల భవనంలో లిఫ్టు ఆగిపోయిందని పిలిచారు. బాగుచేసి కిందికి వచ్చేసరికి పది ముప్పై ఎనిమిది. ఎదురుగా ఒక దర్జీ కొట్టు. బోర్డు మీది ఫోన్ నెంబరు మెకానిక్‌కు కంఠతా వచ్చు, రోజూ నాలుగుసార్లు మోగేదే. తమ్ముణ్ణి హడలగొడదామని చప్పుడు కాకుండా లోపలికి నడిచాడు.

దర్జీ వీపు ఇటు పెట్టి కూర్చున్నాడు. గోడ గడియారం చూశాడు. కత్తెర పక్కన పెట్టి ఫోను అందుకున్నాడు.

మెకానిక్ జేబులో ఫోను మోగింది.

దర్జీ తల పైన గోడకు ఒక గళ్ళ కాగితం గుచ్చి ఉంది. ఇస్త్రీ చేసినా ఉండ చుట్టిన మడతలు పోలేదు. అందులో పది నలభై, ఒకటిన్నర, నాలుగు, ఆరుంబావు అని రాసి ఉంది.

ఆ రాత భార్యది.