జాస్మిన్ ఇచ్చెయ్యమంది

"మూడెకరాలూ నా పేర రాసివ్వు. ఆ తర్వాతే విడాకుల కాగితాల మీద నా సంతకం," అంది ఆరాధన.

ఒంగోలులో లాయర్ రామాంజనేయులు గారి ఆఫీసు అది. ఎదుటి కుర్చీలో ఆమె భర్త ప్రసన్నకుమార్. బడి పంతులు. మిరప మొక్క ఎంత ఎడంలో నాటాలో కూడా తెలియదు. పదకొండేళ్లు ఆ చేలో నడుం వంచింది ఆరాధన. కాగితాల్లో మాత్రం చేను అతనిదే.

"మూడూనా? పిచ్చి పట్టిందా నీకు? ఎకరం ఇస్తా, తీసుకుని పో."

"నిన్ను కట్టుబట్టలతో రోడ్డు మీద నిలబెట్టకపోతే నా పేరు ఆరాధనే కాదు."

గొంతు పెంచకుండానే అంది. సింగరాయకొండలో నర్సుగా చేసే జాస్మిన్‌కి, తనకసలు పెళ్లే కాలేదని చెప్పాడు ఈ మహానుభావుడు. ఏడాదిపాటు నమ్మింది ఆ పిల్ల. నిజం తెలిశాక నెల రోజులు ఫోనెత్తలేదు. తర్వాత తనే చేసి, "తొందరగా విడాకులు తెచ్చుకోండి, మావాళ్లు ఆగేలా లేరు," అంది. అప్పట్నుంచీ ఇతనికి కాలు నిలవడం లేదు.

ప్రసన్న బయటికొచ్చి ఆమెకే ఫోన్ చేశాడు.

"మూడెకరాలూ అడుగుతోంది, జాస్మిన్."

"ఇచ్చెయ్యండి. నా జీతం లేదా? మట్టి కోసం మన పెళ్లి ఆపుకుంటామా?"

ఎంత మంచి మనసో అనుకున్నాడు. లోపలికొచ్చి సరేనన్నాడు.

"ఇల్లు కూడా," అంది ఆరాధన.

మళ్లీ బయటికి, మళ్లీ ఫోన్.

"అదీ ఇచ్చెయ్యండి. నాకు హాస్పిటల్ క్వార్టర్ ఉందిగా. దాని పీడ వదిలించుకోండి ముందు."

నెల తిరక్కుండా, ఒక సోమవారం రిజిస్ట్రార్ ఆఫీసులో చేనూ ఇల్లూ ఆరాధన పేరుకి మారాయి. వేలిముద్ర వేస్తూ నవ్వాడు కూడా ప్రసన్న. విడాకుల కాగితాల మీద ఆమె సంతకం పెట్టగానే లాక్కున్నాడు.

"ఆ మట్టి నువ్వే తిను. జాస్మిన్ కాలి గోటికి సరిపోవు నువ్వు."

"నిజమే. బంగారంలాంటి పిల్ల," అంది ఆరాధన.

చర్చిలో వరసగా మూడు ఆదివారాలు చదవాల్సిన పెళ్లి ప్రకటనల్లో ఆఖరిది, కొత్తపట్నం కుర్రాడు మార్క్‌తో జాస్మిన్ పెళ్లిది, నిన్ననే సింగరాయకొండలో చదివేశారు. ఆ సంబంధం కుదిర్చిన ఆరాధన ముందు వరసలో, జాస్మిన్ పక్కనే కూర్చుని వింది.