మాణిక్యం తుడిచిన సముద్రం

"ఏమే సుభాషిణీ, బొమ్మని చూసి దాని వయసూ వెలా చెప్పే కళ్ళజోడు ఇప్పుడు కూరలమ్మేవాళ్ళకి కూడా ఉంది. నీకెందుకే అంత ఫోజు?" అన్నాను మేనకోడల్ని.

అత్త గుర్తుగా గోడమీది ఫ్రెంచి సముద్రతీరం ఆయిల్ పెయింటింగు కావాలంది. దానికే వెల చూస్తోంది.

అది రెండొందలేళ్ళ నాటి దొరల బొమ్మ అని అబద్ధమాడి, మా ఆవిడ మాణిక్యానికి పెళ్ళిరోజునిచ్చాను. కొన్నది కాకినాడ సంతలో. ముప్ఫై ఏళ్ళు రోజూ దాన్ని తుడిచేది, నేను చాటుగా నవ్వుకునేవాణ్ణి. పోయిన నెల తను పోయింది. నిజం చెప్పి క్షమించమని అడగనేలేదు.

"నకిలీది మావయ్యా. ఇరవయ్యేళ్ళ కిందటే అత్త కూడా కళ్ళజోడు పెట్టుకుని చూసిందని ఇందులో కనిపిస్తోంది. ఆ వివరాల కింద కళ్ళజోడుకి తను చెప్పిపెట్టిన మాట ఉంది, చదవనా?"

"చదువు."

"'మా ఆయన అడిగితే అసలుదనే చెప్పు. నన్ను బోల్తా కొట్టించానని మురిసిపోతున్నారు పాపం.'"