ఎత్తు తీగలు

మొదటి రేకు పగిలింది. రెండోది పగల్లేదు గానీ, గిన్నె మీద గరిటెతో కొట్టినట్టు మోగింది. వడ్రంగి దాన్ని కూడా మూలకు విసిరేసి మూడో అల్యూమినియం రేకు అందుకున్నాడు.

కుర్చీలూ తలుపులూ చేసుకునే మనిషికి గిటార్ గొడవెందుకంటే, చెల్లెలి కోసం. అందులోనూ ఇది మామూలు గిటార్ కాదు. దీని పొట్టలో పల్చటి రేకుతో చేసిన గిన్నెలాంటిది ఒకటి ఉంటుంది. తీగ వణికితే అదీ వణుకుతుంది, గొంతు పెద్దదవుతుంది. వాద్యాల కొట్లో ఒకటి చూసి, కొట్టాయన చేత గంటసేపు వాయింపించుకుని, జానలతో కొలుచుకుని వచ్చాడు. గిటార్లలో ఆయన చదువు అంతవరకే.

మిషన్ మీదైతే చెక్క కోత గంటలో తేలిపోయేది. ఈయన చేతిరంపంతో నాలుగు రోజులు కోశాడు. కోత మిషన్ మాత్రం, రంపపు చక్రాన్ని కప్పే అడ్డు రేకుకు నాలుగు బోల్టులూ బిగించుకుని, గోనెపట్టా కప్పుకుని, రెండేళ్ళుగా మూలన పడి ఉంది. మధ్యాహ్నం అన్నం తెచ్చిన భార్య దానివైపు చూసి మొహం తిప్పుకుంది.

"ఎవరికైనా అమ్మెయ్యరాదూ?"

"ఉండనీ. నా కళ్ళ ముందే ఉండాలి."

ఆవిడ అన్నం గిన్నె బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

చెల్లెలికి గిటారంటే ప్రాణం. షాపు వెనక గదిలో కూర్చుని ఆమె వాయిస్తుంటే, ముందు గదిలో చిత్రిక పడుతూ ఈయన విసుక్కునేవాడు. రెండేళ్ళ కిందట, పని నెత్తిమీదికొచ్చిన ఓ రోజు, "ఆ తీగలు గోకింది చాలు గానీ, వచ్చి కాస్త చెక్క పట్టుకో" అన్నాడు. ఆమె కిక్కురుమనకుండా గిటార్ పక్కన పెట్టి లేచి వచ్చింది.

అంతే. మళ్ళీ గిటార్ ముట్టలేదు. అన్నని పల్లెత్తు మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆయన్ని లోపల్లోపల తినేసింది. చెల్లెలి గడప తొక్కడానికి మొహం చెల్లక, ఆమె ఎలా ఉందో భార్యను పంపి కనుక్కునేవాడు.

మూడో రేకు పలికింది.

తీగలు బిగిస్తున్న రోజున, కుర్చీ కాలు బాగుచేయించుకోవడానికి ఓ గిటార్ మాస్టారు వచ్చాడు. గిటార్ చూసి పెదవి విరిచాడు. మెడ నలుచదరంగా ఉంది, గుప్పిట్లో ఇమిడేలా లేదు. తీగలైతే మెడకూ వాటికీ మధ్య వేలు దూరేంత ఎత్తున నిలబడ్డాయి.

"ఏమనుకోకండి. వీటిని నొక్కాలంటే పహిల్వాను దిగిరావాలి."

"ఎత్తే కావాలి మాస్టారూ."

మాస్టారు ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. కాగితం మీద బొమ్మ కూడా గీసిచ్చాడు. వడ్రంగి వినయంగా తలూపి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తీగలు ఆ ఎత్తునే బిగించాడు. తర్వాత నున్నగా అరగదీసిన ఓ ఇనుప కడ్డీ ముక్క తీసి, దానికి తోలు పట్టీ కుట్టడం మొదలుపెట్టాడు. బీరువా పిడి కాబోలనుకున్నాడు మాస్టారు. ఈ మొండిఘటంతో మనకెందుకని కుర్చీ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున వడ్రంగి గిటార్‌ను గుడ్డలో చుట్టుకుని చెల్లెలింటి తలుపు తట్టాడు. శాలువా కప్పుకుని ఆమే తీసింది. "రా అన్నయ్యా" అంది, నిన్ననే వచ్చి వెళ్ళిన మనిషితో అన్నట్టు. ఆ పిలుపుకే ఆయన కళ్ళు నిండిపోయాయి.

గిటార్ బల్ల మీద పెట్టాడు. దాని పక్కన కడ్డీ పెట్టాడు.

"వాయించకపోయినా ఫర్లేదమ్మా. ఇంట్లో ఉండనీ."

ఆమె ఎత్తు తీగల వంకా కడ్డీ వంకా మార్చి మార్చి చూసింది. కుడిచేత్తో చెక్క అంచు నిమిరింది.

"మిషన్ మీద కొయ్యలేదు కదూ?"

"లేదు. అంతా చేత్తోనే."

ఆమె కుర్చీలో కూర్చుని గిటార్‌ను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుంది.

శాలువాలోంచి ఎడమ చెయ్యి బయటికి తీసింది. ఆనాడు పని తొందరలో అన్నయ్య అడ్డు రేకు విప్పేసి నడిపిన మిషన్, బొటనవేలొక్కటే మిగిల్చిన ఆ అరచేతికి తోలు పట్టీ తొడుక్కుని, కడ్డీని తీగల మీద జరిపింది.